ఉన్నాయా, లేవా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంజనీరును పిలిచి ఇంగ్లీషు గురించి మాట్లాడమన్నారు. సిమెంటు గురించో, కట్టడాల గురించో చెబుతానని బతిమాలాను. కార్యవర్గం వాళ్ళు ఒప్పుకోలేదు. తప్పు నాదే. రెండు వారాల కింద ఈ సభ ఆహ్వాన పత్రిక నమూనా నా ఫోనుకు వచ్చింది. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "ఫ్యూ ఆఫ్ అవర్ టీచర్స్ విల్ గ్రేస్ ది అకేషన్." రాత్రి పది దాటింది. అయినా ఫోన్ చేశాను.

"అన్నా, ఇది ప్రింటుకు పోయిందా?"

"పొద్దున పోతది. ఏమైంది?"

"మన సార్లు దాదాపు ఎవరూ రావట్లేదని రాశావు."

"అరే, వస్తున్నరనే గదా రాసింది!"

"వస్తున్నారని చెప్పాలంటే ముందు ఒక 'ఎ' పెట్టాలి. 'ఎ ఫ్యూ' అనాలి."

"ఒక్క అక్షరానికి గింత లొల్లా?" అని నవ్వి, 'ఎ' చేర్చి, "ఆ లొల్లేందో స్టేజీ మీదికొచ్చి నువ్వే చెప్పు" అని నా పేరు రాసుకున్నాడు.

ఒక్క అక్షరమే. కానీ మనం చదువుకున్న ఈ పేట పేరు చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ ఇక్కడ దుకాణం పెట్టాడు. 'అబిద్ గారి దుకాణం' అని చెప్పే చివరి చిన్న 'స్' ఒక్కటి మిగిలింది. దుకాణం పోయింది, మనిషి పోయాడు, ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకుని పేటంతా నిలబడింది. చిన్న అక్షరాలను తేలిగ్గా తీసుకోకూడదు.

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మన ఇంగ్లీషు సార్. తొమ్మిదో తరగతిలో. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సార్ చేతిలో చాక్‌పీసుల డబ్బా పట్టుకుని వచ్చారు. మూత తీసి మాకు చూపించారు. లోపల మూడు ముక్కలున్నాయి.

"ఎ ఫ్యూ చాక్స్ ఆర్ లెఫ్ట్" అని, "అంటే ఏమిట్రా?" అని అడిగారు.

"కొన్ని చాక్‌పీసులున్నాయి సార్."

"అవును. అంటే పాఠం జరుగుతుంది. పుస్తకాలు తియ్యండి."

మేం పుస్తకాలు తీసేలోపల మళ్ళీ డబ్బా ఎత్తారు. "ఫ్యూ చాక్స్ ఆర్ లెఫ్ట్. అంటే?"

"కొన్ని చాక్‌పీసులున్నాయి సార్."

"కాదు. చాక్‌పీసులు లేనట్టే అని. ఎవరైనా ఆఫీసు రూముకు పరుగెత్తండి."

ఒకడు నిజంగానే పరుగెత్తాడు. వాడు కొత్త డబ్బాతో తిరిగొచ్చేలోపల సార్ ఆ మూడు ముక్కలూ జేబులో వేసుకుని, ఖాళీ డబ్బా మాకు చూపించి, "వేర్ ఆర్ ద ఫ్యూ చాక్స్ వుయ్ హ్యాడ్?" అన్నారు. ఉన్న ఆ కొన్నీ ఏవిరా అని. క్లాసంతా గొల్లుమంది.

అప్పుడు నవ్వాం గానీ, ఆ పాఠంలోని అసలు సంగతి నాకు చాలా ఏళ్ళ తరువాత తట్టింది. మూడుసార్లూ చాక్‌పీసులు మూడే. లెక్క మారలేదు, చూసే చూపు మారింది. 'ఎ ఫ్యూ' అన్నవాడు ఉన్నవాటిని చూస్తున్నాడు. 'ఫ్యూ' అన్నవాడు లేనివాటిని చూస్తున్నాడు. 'ద ఫ్యూ' అన్నవాడు ఉన్నవి ఇంతేనని చెప్పి, వాటన్నిటి గురించీ మాట్లాడుతున్నాడు. 'లిటిల్' సంగతీ ఇంతే. 'ఎ లిటిల్ వాటర్' అంటే గొంతు తడుపుకోవడానికి ఉన్నాయి. 'లిటిల్ వాటర్' అంటే ట్యాంకరుకు ఫోన్ చెయ్యాలి.

ఆ ఏడు పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది. నాకు పూర్తి మార్కులు వచ్చాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి కొన్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలో ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. అయినా ఏం లాభం? అవసరమైన రోజున మరిచిపోయాను. ఆ రోజు గురించి చెప్పడానికే ఈ వేదిక ఎక్కాను. ఇంతవరకు బయట ఎక్కడా చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఒక పాత భవనం చూసి నివేదిక రాయమని నన్ను పంపారు. ఊరూ, సంస్థా పేర్లు వద్దు. తప్పు వాళ్ళది కాదు. రెండంతస్తుల కట్టడం, ఆరు బాల్కనీలు. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీకి ప్రాణమంతా అది గోడను అంటుకున్న చోట, పైభాగాన ఉంటుంది. బరువుకు లాగబడేది అక్కడే. ఇనుము ఉండేదీ అక్కడే. సరిగ్గా అక్కడే రెండు బాల్కనీలకు పగుళ్ళు కనిపించాయి. ఐదు లెక్కపెట్టాను. చూసి, భయపడి, వంగి, వేలు పెట్టి తడిమాను కూడా. అంతా సరిగ్గానే చేశాను. సాయంత్రం గదికి వచ్చి నివేదికలో ఇలా రాశాను:

"ఫ్యూ క్రాక్స్ వర్ నోటీస్డ్ నియర్ ద సపోర్ట్. మే బి అటెండెడ్."

నా మనసులో ఉన్నది 'కొన్ని పగుళ్ళు ఉన్నాయి, చూడండి' అని. హెడ్డాఫీసులో మా పెద్ద ఇంజనీరు గారు అది చదివారు. ఆయన పాతకాలం చదువు చదివిన మనిషి, ఇంగ్లీషును ఇంగ్లీషులాగే చదువుతారు. 'పగుళ్ళు పెద్దగా లేవు, వీలు చూసుకుని సరిచేయవచ్చు' అని అర్థం చేసుకున్నారు. ఫైలు ఏటేటా చేసే మరమ్మతుల కట్టలోకి వెళ్ళింది. ఆ తరువాత రెండు నెలలకు వానలు పడ్డాయి. ఒక బాల్కనీ అంచు విరిగి పడింది. కింద ఇసుక జల్లించుకుంటున్న కూలీ కాలు విరిగింది. ప్రాణం దక్కింది. కానీ మళ్ళీ బరువు మోసే పనికి ఆయన రాలేకపోయాడు.

పెద్దాయన నన్ను పిలిచి కాగితం ముందు పెట్టారు. కోప్పడలేదు. "పగుళ్ళు లేవని రాశావు కదా" అన్నారు. "ఉన్నాయని రాశాను సార్" అన్నాను. ఇద్దరం అదే వాక్యం మీద వేలు పెట్టి ఉన్నాం. కాసేపటికి ఆయనే అన్నారు, "బాబూ, నువ్వు చూసింది నిజం. నువ్వు అనుకున్నదీ నిజం. కానీ కాగితం మీద ఉన్నది నేను చదివిందే." నాకు ఒక్కసారిగా చాక్‌పీసుల డబ్బా కళ్ళ ముందుకొచ్చింది.

ఆ నివేదిక ఎలా రాసి ఉండాల్సిందో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆరు బాల్కనీల్లో రెండింటికి, గోడ పక్కన, పైభాగాన, ఐదు పగుళ్ళు. అన్నిటికంటే వెడల్పుది ఇన్ని మిల్లీమీటర్లు, పొడవుది ఇన్ని సెంటీమీటర్లు. ఈ రోజే కింద ఆనింపులు పెట్టాలి, మనుషులను కిందికి రానివ్వకూడదు. మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 పగుళ్ళ గురించి మాట్లాడేటప్పుడు 'సన్నవి', 'పెద్దవి' అని వదిలేయదు. మామూలు చోట్ల పగులు వెడల్పు 0.3 మిల్లీమీటర్లు దాటకూడదంటుంది. కొలిచే పట్టీ ఆ రోజు నా జేబులోనే ఉంది. అంకె వేయగలిగిన చోట మాట వేశాను. ఆ మాటైనా సరైనది వేయలేదు. నా తప్పు రెండింతలు.

మరి మనవాళ్ళకు ఈ పొరపాటు ఎందుకు జరుగుతుంది? తెలుగులో ఇంగ్లీషులాంటి 'ఎ', 'ద' లేవు కాబట్టి అంటారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. కానీ మన భాష మనకు ఈ తేడా నేర్పలేదనడం అన్యాయం. ఈ మూడు వాక్యాలు వినండి.

కొద్దిమంది వచ్చారు.

కొద్దిమందే వచ్చారు.

వచ్చిన ఆ కొద్దిమందీ భోజనం చేయకుండా వెళ్ళారు.

మొదటిది 'ఎ ఫ్యూ'. రెండోది 'ఫ్యూ'. మూడోది 'ద ఫ్యూ'. ఇంట్లో పెళ్ళి జరిగిన ఏ తల్లినైనా అడగండి, మొదటిదానికీ రెండోదానికీ తేడా ఏమిటో ఆమె మొహమే చెబుతుంది. మనం మాట చివర 'ఏ' అని ఒక దీర్ఘం పెట్టి చేసే పనిని ఇంగ్లీషువాడు మాట ముందు 'ఎ' తీసేసి చేస్తాడు. వాళ్ళకు ముందు 'ఎ' చేరిస్తే ఉన్నట్టు. మనకు చివర 'ఏ' చేరిస్తే లేనట్టు. ఇది గుర్తు పెట్టుకుంటే చాలు. రాసే ముందు ఆ వాక్యాన్ని తెలుగులో ఒకసారి అనుకోండి. 'కొన్ని ఉన్నాయి' అని వస్తే 'ఎ ఫ్యూ'. 'కొన్నే ఉన్నాయి' అని వస్తే 'ఫ్యూ'. చదివేవాడు పొరబడతాడని అనుమానముంటే 'ఓన్లీ ఎ ఫ్యూ' అనో, 'వెరీ ఫ్యూ' అనో రాస్తే ఎవరికీ సందేహం ఉండదు. ఇంకొక మెలిక ఉంది. 'క్వయిట్ ఎ ఫ్యూ' అంటే కొద్ది కాదు, చాలామందే అని. అక్కడ 'ఫ్యూ' కనిపించింది కదా అని తగ్గించి చదవకండి.

అలాగే 'మచ్', 'మెనీ' తేడా. మా పిల్లలకు నేను నాంపల్లి నుమాయిష్ చూపించి చెప్పాను. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తరువాత ఈ మైదానానికి మారిన ప్రదర్శన అది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు. గేటు లోపలికి అడుగు పెట్టగానే మనం అనుకునేవి మూడు: ఎంతమంది జనం! ఎన్ని దుకాణాలు! ఎంత దుమ్ము! చూశారా, ఇంగ్లీషువాడికి రెండు మాటలే, మనకు మూడున్నాయి. మనుషులను వేరుగా లెక్కపెట్టే మర్యాద మన భాషలోనే ఉంది. కాబట్టి ప్రశ్న తెలుగులో వేసుకోండి. 'ఎంతమంది', 'ఎన్ని' అని వస్తే ఇంగ్లీషులో 'మెనీ', 'ఫ్యూయర్', 'నంబర్'. 'ఎంత' అని వస్తే 'మచ్', 'లెస్', 'అమౌంట్'. ఎంతమంది పిల్లలు అంటాం గానీ ఎంత పిల్లలు అనం. అందుకే 'ఫ్యూయర్ స్టూడెంట్స్', 'లెస్ డస్ట్'. ఈ ఒక్క పరీక్షతో పది తప్పులు తప్పుతాయి.

ఇది పనిచేయని చోటు ఒకటుంది, అది కూడా చెప్పాలి. ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, లగేజ్, ఇన్ఫర్మేషన్. మనం కుర్చీలూ బల్లలూ 'ఎన్ని' అని అడుగుతాం కాబట్టి ఆఫీసు కాగితాల్లో 'ఫర్నిచర్స్', 'ఎక్విప్‌మెంట్స్' అని రాసేస్తుంటాం. ఇంగ్లీషులో ఇవి ఇసుక లాంటివి. రాశిగానే చూస్తారు. లెక్క చెప్పాలంటే 'పీస్' తోడు కావాలి. కాగితం కూడా అంతే. అబిడ్స్‌లో స్టేషనరీ దుకాణానికి వెళ్ళి మనం దస్తా అడుగుతాం, రీము అడుగుతాం, అది పద్ధతైన మాటే. కానీ ఉత్తరంలో 'టూ పేపర్స్ ఎన్‌క్లోజ్డ్' అని రాస్తే రెండు పత్రికలో, రెండు ప్రశ్నపత్రాలో జతచేశామని అనుకోవచ్చు. 'టూ షీట్స్' అని రాయాలి.

మరికొన్ని చిన్న మాటలు, నా దగ్గరికి వచ్చే నివేదికల్లో వారానికోసారైనా ఎర్ర సిరాతో దిద్దేవి.

'ఎ నంబర్ ఆఫ్' అంటే చాలామంది, అనేకం. కాబట్టి క్రియ బహువచనం: 'ఎ నంబర్ ఆఫ్ వర్కర్స్ ఆర్ ఆబ్సెంట్.' 'ద నంబర్ ఆఫ్' అంటే వాళ్ళ సంఖ్య. సంఖ్య ఒక్కటే, క్రియా ఒక్కటే: 'ద నంబర్ ఆఫ్ వర్కర్స్ ఈజ్ ఫార్టీ.' మళ్ళీ ఇక్కడా తేడా అంతా ముందున్న ఆ చిన్న మాటదే.

'టూ త్రీ డేస్' అని రాస్తాం. ఇది మన 'రెండు మూడు రోజులు'. తెలుగులో ఎంత అందంగా ఉంటుందో! నాలుగైదు, పదీ పదిహేను, ఇద్దరు ముగ్గురు. ఇంగ్లీషులో మాత్రం మధ్యలో 'ఆర్' ఉండాలి: 'టూ ఆర్ త్రీ డేస్'. లేకపోతే హడావుడిగా చదివేవాడు ఇరవై మూడు అనుకున్నా అనుకుంటాడు.

'బిట్వీన్ ఫైవ్ టు టెన్' తప్పు. 'బిట్వీన్' అంటే 'అండ్' కావాలి. 'ఫ్రమ్' అంటే 'టు' కావాలి. జోడీలు విడదీయకండి.

గంటన్నరకు 'వన్ అండ్ హాఫ్ అవర్' అనేస్తాం. 'వన్ అండ్ ఎ హాఫ్ అవర్స్' అనాలి. ఒకటి దాటితే బహువచనమే.

డజనుకు ముందు అంకె ఉంటే 'స్' ఉండదు. మోజంజాహీ మార్కెట్లో అరటిపళ్ళు 'టూ డజన్' కొంటాం. అంకె లేకుండా బోలెడన్ని అనాలంటే 'డజన్స్ ఆఫ్'.

ఇక 'అబౌట్'. ఇది మన 'ఓ'. ఓ పదిమంది, ఓ నూరు రూపాయలు. ఓ ముప్పై ఏడున్నర రూపాయలు అని ఎవరైనా అంటారా? మరి 'అబౌట్ 37.48 మీటర్స్' అని ఎలా రాస్తాం? సెంటీమీటరు వరకు కొలిచినవాడు 'సుమారు' అనకూడదు. సుమారుగా చూసినవాడు దశాంశాలు వేయకూడదు. మొదటిది పిరికితనం, రెండోది గొప్పకు పోవడం.

ఇవన్నీ విని ఎవరైనా "నోటిమాటలో ఇన్ని పట్టింపులు ఉంటాయా?" అనవచ్చు. ఉండవు. ఉండకూడదు. మనం హైదరాబాదు వాళ్ళం. మన 'పర్సోం' అంటే మొన్న కావచ్చు, పోయిన ఏడు కావచ్చు, పెళ్ళి కాకముందు కావచ్చు. 'పాంచ్ మినిట్' అన్న స్నేహితుడు ఇరానీ హోటల్ దగ్గరికి అరగంటకు వచ్చినా వాడిని ఏమీ అనం. వన్ బై టూ చాయ్ చెప్పి ఎవరి కప్పులో ఎంత పడిందో కొలుచుకోం. ఎందుకంటే మాట్లాడేటప్పుడు మొహం కనిపిస్తుంది, చెయ్యి ఊగుతుంది, అర్థం కాకపోతే "అంటే ఎంత?" అని అడుగుతాం. కాగితానికి మొహం లేదు. హెడ్డాఫీసులో నా వాక్యం చదివిన మనిషికి నా కళ్ళలో భయం కనిపించలేదు. కనిపించి ఉంటే ఆ రోజే జీపు పంపేవారు.

ఇది మన ఒక్కరి బలహీనత కాదు. అమెరికాలో గూఢచార అంచనాలు రాసిన షెర్మన్ కెంట్ అనే ఆయన తన అనుభవం ఒకటి 1964లో రాశారు. 1951లో ఆయన బృందం యుగోస్లావియా మీద దాడి జరిగే 'సీరియస్ పాసిబిలిటీ' ఉందని నివేదిక ఇచ్చింది. అంటే ఎంత అని తరువాత ఎవరో అడిగితే కెంట్ నూటికి 65 పాళ్ళు అన్నారు. అడిగినాయన ఆశ్చర్యపోయాడు. అతను చాలా తక్కువ అనుకున్నాడట. అప్పుడు కెంట్ తన బృందంలో ఒక్కొక్కరినీ అడిగారు. ఒకరి మనసులో నూటికి 20, ఇంకొకరి మనసులో 80. అందరూ కూర్చుని ఒప్పుకున్న మాటే అది. మాట మీద ఒప్పుకున్నారు గానీ, దాని కొలత మీద ఎవరూ ఒప్పుకోలేదు.

అంత దూరం ఎందుకు? మోజంజాహీ మార్కెట్ దాటి నడుచుకుంటూ వెళితే అఫ్జల్‌గంజ్, ఆ పక్కనే మూసీ. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద గురించి మన పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ మర్నాడు నగరంలో ఎవరినడిగినా ఏమని ఉంటారు? 'చాలా వాన పడింది, ఎన్నో చెరువులు తెగాయి, ఎంతోమంది పోయారు.' అది దుఃఖం మాట్లాడే భాష. ఆ భాష తప్పు కాదు.

కానీ 1909లో నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు 'చాలా', 'ఎన్నో' దగ్గర ఆగలేదు. మూసీ పరీవాహకంలో ఉన్న చెరువులు లెక్క తీశారు. 788. వాటిలో తెగినవి 221. నగరం దగ్గర వరద గరిష్ఠంగా 4,25,000 క్యూసెక్కులని అంచనా కట్టారు. అదీ అంచనాయే, గమనించండి. ఆ రోజు నదిలో నిలబడి కొలిచినవారెవరూ లేరు. కానీ అంచనాను కూడా అంకెగా చెప్పారు కాబట్టి, ఎంత నీటిని ఎక్కడ ఆపాలో లెక్క కట్టగలిగారు. ఆ లెక్కలోంచే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. 'ఎన్నో చెరువులు తెగాయి' అన్న వాక్యం మీద ఆనకట్ట కట్టలేం. '788లో 221' అన్న వాక్యం మీద కట్టవచ్చు. మనం చిన్నప్పుడు తాగిన గండిపేట నీళ్ళలో ఆ అంకెలున్నాయి.

అలాగని అన్ని చోట్లా అంకెలే వేయమని నేననను. లెక్క తెలియనప్పుడు, లెక్క అవసరం లేనప్పుడు 'కొన్ని', 'చాలా', 'సుమారు' అన్న మాటలే మర్యాద. అమ్మ ఎంత ప్రేమగా పెట్టిందో గ్రాముల్లో రాయం. నేను చెప్పేది మూడు మాటలే. కొలవగలిగితే కొలిచి అంకె వెయ్యండి. కొలవలేకపోతే మాట వెయ్యండి, కానీ ఉన్నాయంటున్నారో లేవంటున్నారో ముందు మీరు తేల్చుకోండి. కాగితం పంపే ముందు, మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి దాన్ని చదువుతున్నట్టు ఒక్కసారి చదవండి. నా దగ్గర చేరే కుర్ర ఇంజనీర్లకు మొదటి రోజు ఈ మూడే చెబుతాను. ఆ బాల్కనీ కథ మాత్రం చెప్పేవాణ్ణి కాదు, సిగ్గేసేది. రేపటి నుంచి అది కూడా చెబుతాను.

ఉపాధ్యాయులుగా ఉన్న మిత్రులకు ఒక మనవి. ఈ పాఠాన్ని ఖాళీలు పూరించండి అనే ప్రశ్నగా వదిలేయకండి. నాకు పూర్తి మార్కులు వచ్చింది అందులోనే. ఒక డబ్బా తీసుకెళ్ళండి, మూడు ముక్కలు వేసి చూపించండి. పిల్లవాడు ఇరవై ఏళ్ళకైనా గుర్తు తెచ్చుకుంటాడు. వీలైతే నాకంటే రెండు నెలలు ముందు గుర్తు తెచ్చుకుంటాడు.

చివరగా మళ్ళీ మన ఆహ్వాన పత్రిక. 'ఎ' చేర్చి అచ్చయింది, బాగుంది. కానీ ఈ రోజు ఇక్కడికి వచ్చి ముందు వరస చూశాక, ఆ వాక్యం ఇంకా సరిగా లేదనిపిస్తోంది. ఈ యాభై ఏళ్ళలో మన సంఘం ఎందరో గురువులకు కన్నీటితో వీడ్కోలు చెప్పింది. చాక్‌పీసుల డబ్బా పట్టుకున్న మా సార్ కూడా ఇప్పుడు లేరు. పోయినవాళ్ళను తలుచుకుంటే మనసు 'ఫ్యూ' అంటుంది, కొద్దిమందే మిగిలారు అంటుంది. ఎదురుగా చూస్తే 'ఎ ఫ్యూ' అనాలనిపిస్తుంది, కొందరైనా ఉన్నారు కదా అని. కానీ నేను రాస్తే 'ద ఫ్యూ' అని రాస్తాను. ఉన్న మీ అందరూ, ఈ వయసులో, ఈ ట్రాఫిక్‌లో, ఈ మెట్లెక్కి మా కోసం వచ్చారు.

సార్, మేడమ్, ఈ వాక్యమైనా తప్పు లేకుండా రాశానా? దిద్దేది ఉంటే దిద్దండి. మా చెయ్యి ఇంకా మీ ముందే చాపి ఉంది.